మీటకు అక్షరం తెలియదు

పాత కీబోర్డుల మోజు మన ఊళ్లకూ వచ్చింది. 1980ల్లో తయారైన ఐబీఎం మోడల్ ఎం లాంటివి ఒకప్పుడు ఆఫీసుల్లో కంప్యూటర్లు మార్చినప్పుడల్లా పాత సామాన్ల వ్యాపారికి తూకం మీద పోయేవి. ఇప్పుడు వాటిని వెతికి పట్టుకొని, మీటలన్నీ ఊడదీసి సబ్బునీళ్లలో కడిగి, కొత్త కంప్యూటరుకు తగిలించి వాడుకొనే కుర్రకారు ఉన్నారు. రెండు కిలోలకు పైబడిన బరువు, పక్కగదిలోకి కూడా వినిపించే టకటకలు, ముప్పై ఏళ్లయినా చెరగని అక్షరాలు. వీటి గురించి మాట్లాడుకొనేటప్పుడు స్విచ్ ఎవరిది, స్ప్రింగు ఎంత గట్టిది, చప్పుడు ఎలాంటిది అన్న ప్రస్తావనే ఎక్కువ. ఆ స్విచ్‌తో ఏ అక్షరం రాయగలం అన్న ప్రశ్న పెద్దగా రాదు. తెలుగువాళ్లు ముందుగా అడగాల్సింది ఆ ప్రశ్నే అని నా ఉద్దేశం.

అయినా స్విచ్ సంగతితోనే మొదలుపెడదాం. అది నిజంగా చూడదగ్గ వస్తువు.

మోడల్ ఎం లోపల ప్రతి మీట కిందా ఒక సన్నని స్ప్రింగు నిలబడి ఉంటుంది. మీటను నొక్కుతున్నకొద్దీ అది అణుగుతూ పోతుంది. ఒక హద్దు దాటాక ఇక అణగలేక ఒక్కసారిగా పక్కకు వంగిపోతుంది. చీపురుపుల్లను నేలమీద నిలబెట్టి పైనుంచి అరచేత్తో నొక్కి చూడండి. కాసేపు ఏమీ కాదు, తర్వాత హఠాత్తుగా విల్లులా వంగుతుంది. నిలువు కమ్మీ ఎంత బరువు దగ్గర ఇలా లొంగిపోతుందో లెక్కగట్టే సూత్రాన్ని 18వ శతాబ్దంలోనే లియొనార్డ్ ఆయిలర్ ఇచ్చాడు. స్తంభాలు కట్టే ఇంజనీర్లు ఏది జరగకూడదని లెక్కలు వేస్తారో, సరిగ్గా అదే జరగాలని ఐబీఎం ఇంజనీరు రిచర్డ్ హంటర్ హారిస్ ఈ మీటను రూపొందించాడు. స్ప్రింగు వంగగానే దాని అడుగున ఉన్న చిన్న పలక ఒరుగుతుంది. మోడల్ ఎంలో ఆ పలక కిందున్న ప్లాస్టిక్ పొరను నొక్కి సర్క్యూటును కలుపుతుంది. అదే క్షణంలో స్ప్రింగు తన గొట్టం గోడకు తగిలి టక్కుమంటుంది. వేలికి స్పర్శ, చెవికి చప్పుడు, కంప్యూటరుకు సంకేతం, మూడూ ఒకేసారి అందుతాయి. అందుకే దీనిమీద టైపు చేసేవాళ్లు తెరకేసి చూడకుండానే అక్షరం పడిందో లేదో చెప్పగలరు.

దీనికి దాయాదులు చాలానే ఉన్నాయి. 1980ల తొలినాళ్లలో వచ్చిన చెర్రీ ఎంఎక్స్ స్విచ్‌లో మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, కానీ దాదాపు సగం దారిలోనే లోహపు ఆకులు కలిసి సంకేతం వెళ్లిపోతుంది. జపాన్‌కు చెందిన ఆల్ప్స్ కంపెనీ స్విచ్‌లు 1987 నాటి ఆపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డులో ఉండేవి, వాటి స్పర్శను ఇప్పటికీ తలచుకొనేవాళ్లున్నారు. లోహాలు తాకనే అక్కరలేని హాల్ ఎఫెక్ట్ స్విచ్‌లు ఇంకా ముందే, 1960ల చివర్లోనే వచ్చాయి. వాటిలో మీటతోపాటు ఒక అయస్కాంతం దిగుతుంది, దాని దగ్గరితనాన్ని ఒక చిన్న అర్ధవాహక బిళ్ల పసిగడుతుంది. తాకిడి లేదు కాబట్టి అరుగుదల కూడా లేనట్టే.

ఈ రోజు మామూలు ఆఫీసు బల్లల మీద ఉండే కీబోర్డుల్లో ఇవేవీ ఉండవు. మీట కింద ఒక రబ్బరు గిన్నె బోర్లించి ఉంటుంది, అంతే. అది కుంగి అడుగుకు తగిలితేనే అక్షరం పడుతుంది. కొన్నాళ్లకు రబ్బరు బిగుసుకుపోతుంది. చెర్రీ తన స్విచ్‌లు మొదట 5 కోట్ల నొక్కులు తట్టుకొంటాయని, ఇప్పుడు కొన్ని రకాలు 10 కోట్లు తట్టుకొంటాయని చెబుతోంది. రబ్బరు గిన్నెలకు అందులో పదో వంతు చెప్పినా ఎక్కువే. మెకానికల్ స్విచ్ వాడితే టైపింగు వేగం అమాంతం పెరుగుతుందనే మాటను మాత్రం నేను నమ్మను. వేగం వేళ్ల సాధనలో ఉంది. స్విచ్ ఇచ్చేది మన్నిక, నమ్మకం. ఆ రెండూ చిన్న విషయాలు కావు.

ఇక అసలు విషయం. ఇంత శ్రద్ధగా చేసిన స్విచ్ కంప్యూటరుకు చెప్పేదేమిటి? ఒకే ఒక్క మాట: ఫలానా చోట ఉన్న మీటను నొక్కారు, లేదా వదిలారు. అక్షరం ఊసే ఉండదు.

కీబోర్డు లోపల తీగలు అడ్డంగా నిలువుగా వలలా అల్లి ఉంటాయి. ఒక చిన్న చిప్ ఆ వలను సెకనుకు వందలసార్లు తడిమి చూస్తూ, ఏ అడ్డతీగ ఏ నిలువు తీగతో కలిసిందో కనిపెడుతుంది. లోహాలు తాకినప్పుడు వెంటనే కుదురుగా ఉండవు, కొన్ని వేలవంతుల సెకను పాటు ఎగిరెగిరి పడతాయి. చిప్ ఆ అలజడి తగ్గేదాకా ఆగి, అప్పుడు ఒక సంఖ్య పంపుతుంది. యూఎస్‌బీ కీబోర్డు భాషలో ఇంగ్లీషు ‘జె’ ముద్రించిన మీట సంఖ్య 13. షిఫ్టుతో కలిపి నొక్కితే షిఫ్టు కూడా నొక్కి ఉందన్న సమాచారం పక్కన చేరుతుంది. కీబోర్డు పని అక్కడితో సరి. ఆ 13ను ఏ అక్షరంగా మార్చాలో తేల్చేది ఆపరేటింగ్ సిస్టం. ఇంగ్లీషు అమరిక ఎంచుకొని ఉంటే జె అవుతుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఎంచుకొని ఉంటే ‘ర’ అవుతుంది, షిఫ్టుతో కలిస్తే ‘ఱ’ అవుతుంది.

దీని పర్యవసానం ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. మోడల్ ఎం వచ్చింది 1985లో. యూనికోడ్ మొదటి ప్రచురణ 1991లో. దంత్యంగా పలికే ‘ౘ’, ‘ౙ’లకు యూనికోడ్‌లో చోటు దొరికింది 2008లో. రూపాయి గుర్తు ₹ పుట్టిందే 2010లో. అయినా ఆ 1985 నాటి కీబోర్డును ఒక చిన్న అడాప్టరుతో ఈనాటి కంప్యూటరుకు కలిపితే ఇవన్నీ రాయొచ్చు. మీటకు అక్షరం తెలియదు కాబట్టే అది ఏ అక్షరానికైనా పనికొస్తుంది. చిన్న ఇబ్బందల్లా దానిమీద విండోస్ మీట లేకపోవడం. భాష మార్చడానికి ఆ మీటా స్పేసు నొక్కడం అలవాటైనవాళ్లు ఆల్ట్, షిఫ్టు జంటతో సరిపెట్టుకోవాలి.

మరి మీటల మీద ముద్రించని అక్షరాన్ని ఎలా అడగాలి? ఈ ప్రశ్నకు గత యాభై ఏళ్లలో రకరకాల జవాబులు వచ్చాయి.

అన్నింటిలోకీ దర్జా అయినది 1970ల చివర ఎంఐటీలో టామ్ నైట్ లిస్ప్ యంత్రాల కోసం రూపొందించిన స్పేస్ క్యాడెట్ కీబోర్డు. దానికి షిఫ్టు లాంటి సహాయక మీటలే ఏడు రకాలు. వాటిని రకరకాలుగా కలిపి నొక్కితే ఎనిమిది వేలకు పైగా భిన్న సంకేతాలు వచ్చేవని చెబుతారు. గ్రీకు అక్షరాలు, గణిత తర్కంలో వాడే గుర్తులు మీటల మీదనే ముద్రించి ఉండేవి. దాని స్విచ్‌లు హాల్ ఎఫెక్ట్ రకానివి. మంచి స్విచ్, విస్తారమైన అక్షరమాల, రెండింటినీ ఒకేచోట ఆలోచించినవాళ్లు అప్పుడే ఉన్నారన్నమాట.

1982లో డెక్ కంపెనీ తెచ్చిన ఎల్‌కే201 కీబోర్డుది ఇంకో దారి. అందులో ‘కంపోజ్’ అనే మీట ఉంది. దాన్ని నొక్కి, తర్వాత రెండు మామూలు అక్షరాలు కొడితే అవి కలిసి మూడోది అవుతాయి. కంపోజ్, సి, ఓ అని వరుసగా కొడితే © పడుతుంది. గుర్తు ఎలా కనిపిస్తుందో వేళ్లు అలాగే పేర్చుతాయి కాబట్టి జ్ఞాపకం పెట్టుకోవడం తేలిక. లినక్స్‌లో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. ఐబీఎం పీసీ దారి అందరికీ తెలిసిందే: ఆల్ట్ నొక్కిపట్టి కుడిపక్క అంకెల మీటల మీద సంఖ్య కొట్టాలి. ఇది అక్షరాలు రాయడం కాదు, పిన్‌కోడ్లు బట్టీపట్టడం. ‘ఱ’ యూనికోడ్ సంఖ్య 3121. ఆల్ట్‌తో ఆ సంఖ్య కొడితే కొన్ని విండోస్ ప్రోగ్రాముల్లో ఱ వస్తుంది, మరికొన్నింటిలో ఇంకేదో వస్తుంది.

ఈ చరిత్రలో మనం గమనించాల్సింది ‘ప్రత్యేక అక్షరం’ అన్న పేరును. ఎవరికి ప్రత్యేకం? ఇంగ్లీషు ముద్రించిన మీటలను మామూలు అనుకొంటే, ఫ్రెంచివాళ్ల వాలుగీత ప్రత్యేకం, జర్మన్ల రెండు చుక్కలు ప్రత్యేకం, మన అ నుంచి ఱ దాకా వర్ణమాల మొత్తం ప్రత్యేకమే. ఫ్రెంచివాళ్లు, జర్మన్లు దీన్ని ఎప్పుడో పరిష్కరించుకొన్నారు. తమ అక్షరాలు ముద్రించిన కీబోర్డులే వాళ్ల దుకాణాల్లో అమ్ముతారు. మనం మాత్రం మన లిపిని మన బల్లమీద అతిథిలా కూర్చోబెట్టాం.

ఒకప్పుడు ఇలా లేదు. తెలుగు టైపుమిషన్ల కాలంలో అక్షరాలు మీటల మీదే ఉండేవి. మీటలు నలభై చిల్లర మాత్రమే కాబట్టి అక్షరాన్ని ముక్కలు చేయాల్సి వచ్చింది. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వేరువేరు మీటలయ్యాయి. కొన్ని మీటలు కొడితే కాగితం జరగకుండా అదే చోట ఇంకో ముక్క పడేది. రూపాన్ని పేర్చడం అన్నమాట. చిన్న చిన్న ఊళ్లలో కూడా టైపు ఇన్‌స్టిట్యూట్లు ఉండేవి. లోయర్, హయ్యర్ పరీక్షలకు పోయేవాళ్లు మీటల వైపు చూడకుండా కొట్టడం నేర్చుకొనేవాళ్లు. ఆ శిక్షణ విలువ ఎంతటిదో అది పోయాకే తెలిసింది.

తర్వాత డీటీపీ వచ్చింది. ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చి పత్రికలు, పుస్తకాలు, శుభలేఖలు అచ్చువేశాం. ఆపిల్, మాడ్యులర్ అంటూ ఎవరి అమరిక వాళ్లది. పేజీ అందంగానే వచ్చేది. ఫాంటు తీసేస్తే మిగిలేది మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. ఆ రోజుల ఫైళ్లు ఎన్నో ఇవాళ వెతకడానికి లొంగవు, మార్పిడి చేస్తేనే చదవగలం.

ఈ గందరగోళానికి ఎదురుగా 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ అమరికను తెచ్చింది. డీటీపీ వాళ్లు దీన్ని డీఓఈ కీబోర్డు అని పిలిచేది అందుకే. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194 ప్రమాణంలో దీన్ని చేర్చింది. రూపాన్ని వదిలేసి ధ్వనిని పట్టుకోవడం ఇందులోని గొప్ప మార్పు. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. అల్పప్రాణం మామూలుగా, మహాప్రాణం షిఫ్టుతో: క, ఖ ఒకే మీట; త, థ ఒకే మీట. పొల్లు ఎడమచేతి నడివేలి కిందే, డి మీట మీద ఉంటుంది. ‘స్త్రీ’ రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం, ఆరే నొక్కులు. షిఫ్టు అక్కరలేదు. ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, గుడి ఎలా మెలితిరగాలో ఫాంటు చూసుకొంటుంది.

ఇంకో సంగతి. ఈ అమరిక భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడి. హిందీలో క ఏ మీటమీద ఉందో తెలుగులోనూ, బెంగాలీలోనూ, తమిళంలోనూ అక్కడే. ఒక భాషలో వేళ్లు నేర్చుకొన్నవాళ్లకు రెండో భాష లిపి వస్తే చాలు, టైపింగు కొత్తగా నేర్వక్కర్లేదు. ఇంతటి ఆలోచన ఉన్న అమరిక దాదాపు ప్రతి కంప్యూటరులోనూ ఉచితంగా, ముందే ఎక్కించి ఉంది. వాడేవాళ్లు మాత్రం తక్కువ.

కారణం అర్థం చేసుకోదగ్గదే. మీటల మీద అది కనబడదు. కనిపించేది ఇంగ్లీషు, చేతికి అలవాటైంది ఇంగ్లీషు. అందుకే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద పుట్టిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ, దాని బాటలో వచ్చిన లేఖిని వంటి పనిముట్లు మనకు ప్రాణం పోశాయి. ప్రవాసంలో ఉన్న తెలుగువాళ్లు, ఇక్కడి బ్లాగర్లు, వికీపీడియా రచయితలు ఆ దారినే తెలుగును ఇంటర్నెట్‌కు ఎక్కించారు. వాళ్ల రుణం తీరేది కాదు. అయితే ఆ దారిలో తెలుగు రాయాలంటే ముందు మనసులో ఇంగ్లీషు వర్ణక్రమం తయారుకావాలి. ఇంగ్లీషు రానివాళ్లకు ఆ తలుపు తెరుచుకోదు. సర్కారు బడిలో ఐదో తరగతి చదివే పిల్లకు తెలుగు అక్షరాలన్నీ వచ్చు. కంప్యూటరులో తన పేరు రాసుకోవడానికి ఆమెకు ఇంకో భాష ఎందుకు కావాలి?

అక్షరాల విషయంలో జరుగుతున్న నష్టం కూడా ఉంది. అది కనబడకుండా జరుగుతోంది.

‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట చూడండి. ట్ దగ్గర పొల్లు ఆగి, తర్వాత వే విడిగా రావాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. సున్నా వెడల్పున్న విడదీత గుర్తు అనుకోండి. అది లేకపోతే మాట ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. హెడ్‌మాస్టర్, రాజ్‌కుమార్, హైదరాబాద్‌లో, అన్నీ ఇదే కోవ. ఇంగ్లీషు మాటలతో, ఊళ్ల పేర్లతో నిండిన ఈనాటి తెలుగులో పేరాకు రెండుమూడు సార్లయినా ఇది కావాలి. తెలుగుకు ఇది ప్రత్యేక అక్షరం కాదు, ఉప్పులాంటిది. దాని మీట ఎక్కడుందో ఎందరికి తెలుసు? తెలియనివాళ్లు పొల్లు తర్వాత ఖాళీ వదిలి ‘హైదరాబాద్ లో’ అని రాస్తారు, లేదా అతుక్కుపోయినా సరేనని వదిలేస్తారు. ఒక జాబితాలో రాజ్‌కుమార్ అనే మనిషి పేరును ఒక గుమస్తా గుర్తు పెట్టి, ఇంకొకరు పెట్టకుండా, మూడో వ్యక్తి ఖాళీ వదిలి ఎక్కిస్తే, జాగ్రత్తగా రాయని సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి మూడు వేర్వేరు పేర్లు. రేషను కార్డూ పట్టాదారు పాసుపుస్తకమూ పక్కపక్కన పెట్టి సరిపోల్చే కాలంలో ఇది అచ్చుతప్పు కథ కాదు.

సున్నతోనూ ఇదే తంటా. పూర్ణానుస్వారం ‘ం’, తెలుగు అంకె ‘౦’ చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. యూనికోడ్‌లో వేరు. ఒకదాని బదులు ఇంకొకటి పడితే మనిషి కన్ను పట్టుకోదు, వెతుకులాట మాత్రం తప్పుతుంది.

ఇక ఱ, అరసున్న, ౘ, ౙ. ఈనాటి రాతలో ఱ అక్కర్లేదనేవాళ్లతో నాకు పేచీ లేదు. చాలామంది నోట ర, ఱ ఒకటైపోయి ఎంతో కాలమైంది, గుర్రం అని రాస్తే గుర్రం పరుగు ఆగదు. కానీ శాసనాలు పరిష్కరించేవాళ్లకు, పాత కావ్యాలు ఎక్కించేవాళ్లకు, ప్రాచీన వ్యాకరణం చదివేవాళ్లకు ‘గుఱ్ఱము’ గుఱ్ఱముగానే ఉండాలి. మన పక్కనే ఉన్న తమిళ, మలయాళ భాషల్లో దీనికి సాటి అక్షరం ఇవాళ్టికీ రోజువారీ రాతలో ఉంది, ఇన్‌స్క్రిప్ట్‌లో అదీ ఇదే షిఫ్టు, జె చోటులో ఉంది. వాళ్ల వేలు వెళ్లే చోటికి మన వేలు వెళ్లదు, అంతే తేడా. అరసున్న కూడా షిఫ్టు, ఎక్స్ మీద ఎప్పటినుంచో కూర్చుని ఉంది. ౘ, ౙల కథ తిరగబడి ఉంటుంది. చాలా, చాకలి, జాబు, జాజి అని మనం పలికేది ఆ దంత్య ధ్వనితోనే, కానీ రాతలో చ, జలతో సరిపెడతాం. మాండలికాలను రికార్డు చేసేవాళ్లకు, పరభాషలవాళ్లకు తెలుగు నేర్పేవాళ్లకు ఆ తేడా చూపించే అక్షరం కావాలి. 1991 నాటి ఇన్‌స్క్రిప్ట్‌లో వాటికి చోటు లేదు. 2016లో వచ్చిన ఐఎస్ 16350, అంటే మెరుగుపరచిన ఇన్‌స్క్రిప్ట్, ఇలాంటి అదనపు అక్షరాల కోసం కుడిపక్క ఆల్ట్‌తో పనిచేసే మరో రెండు అంతస్తులు కట్టింది. 2021లో నకారపొల్లుకు కూడా యూనికోడ్‌లో స్థానం వచ్చింది. సంకేతం ఇచ్చారు, అమరిక ఇచ్చారు. వేలికి చేరే ఆఖరి మజిలీ మాత్రం ఖాళీ.

ఇప్పుడెవరు టైపు చేస్తారండీ, ఫోనుతో మాట్లాడితే అదే రాస్తుంది కదా అనవచ్చు. నిజమే, మాట్లాడి రాయించడం కళ్లు కనిపించనివాళ్లకు, చదువు అంతగా రానివాళ్లకు వరం. కానీ ర, ఱలను మనం ఒకేలా పలుకుతున్నప్పుడు గొంతు విని ఆ తేడా ఎలా రాస్తుంది? విడదీత గుర్తుకు అసలు ధ్వనే లేదు. ఫోన్లో సూచనల వరుస ఎక్కువమంది వాడే రూపాన్ని ముందు పెడుతుంది, తక్కువమంది వాడేది వెనక్కు పోతుంది, కొన్నాళ్లకు వాడేవాళ్లే ఉండరు. రోజుకు నాలుగు వాక్యాలు రాసేవారికి దీనితో ఇబ్బంది లేదు. విలేకరి, అనువాదకుడు, కోర్టు గుమస్తా, పాఠ్యపుస్తకాల రచయిత, తహసీల్దారు ఆఫీసు ఆపరేటర్ రోజుకు వేల అక్షరాలు కొడతారు. వాళ్లకు కావాల్సింది ఊహించే యంత్రం కాదు, కొట్టింది కొట్టినట్టు వేసే మీట.

నొక్కుల లెక్కలో ఇన్‌స్క్రిప్ట్ లిప్యంతరీకరణ కంటే ఎంతో ముందుంటుందని నేననడం లేదు. ‘కృష్ణ’కు ఇందులో ఐదు నొక్కులు, అందులో ఆరు. పెద్ద తేడా కాదు. తేడా నిలకడలో ఉంది. ఒక వర్ణానికి ఒకే చోటు, ఎప్పుడూ అదే ఫలితం. స్ప్రింగు ప్రతిసారీ ఒకే బరువు దగ్గర వంగుతుందని మోడల్ ఎంను మెచ్చుకొనేవారు దీన్నీ మెచ్చుకోవాలి కదా.

చేయలేని పనేమీ కాదు. 2010 జులైలో రూపాయి గుర్తును కేంద్రం ఆమోదించింది, ఆ ఏడాదే యూనికోడ్‌లో చేరింది. చూస్తుండగానే మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్‌ల 4 మీట మీద ₹ అచ్చయింది. ఒక్క గుర్తు కోసం కంపెనీలు అచ్చులు మార్చగలిగినప్పుడు, అడిగినవారికి తెలుగు ముద్రించిన కీబోర్డు ఇవ్వలేవా? ఫోన్ల విషయంలో ఐఎస్ 16333 మూడో భాగం ఇంగ్లీషు, హిందీలతోపాటు కనీసం ఇంకొక భారతీయ భాషలో రాసే వీలుండాలని చెబుతోంది. అదే న్యాయం కీబోర్డుకూ వర్తించాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు బడులకు, ఆఫీసులకు కొనే కీబోర్డుల టెండర్లలో ‘మీటల మీద ఇన్‌స్క్రిప్ట్ తెలుగు అక్షరాలు ముద్రించి ఉండాలి’ అన్న ఒక్క వాక్యం చేరిస్తే తయారీదారులు వాళ్లంతట వాళ్లే దారిలోకి వస్తారు. ముద్రించినంత మాత్రాన సరిపోదు, బడిలో వారానికో గంట వేళ్లకు పాఠం చెప్పాలి. టైపు పరీక్షలు పెట్టే సాంకేతిక విద్యా మండళ్లకు ఆ అనుభవం దండిగా ఉంది.

పాత కీబోర్డుల ప్రియులకూ ఇందులో పని ఉంది, బహుశా అందరికంటే ముందు వాళ్లే చేయగలరు. సొంతంగా ప్రోగ్రాం చేసుకోగల కీబోర్డులు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. యూఎస్‌బీ కీబోర్డు నేరుగా యూనికోడ్ అక్షరాన్ని పంపలేదు, మీట సంఖ్యలే పంపగలదు. కాబట్టి కీబోర్డులో ఎంత తెలివి నింపినా ఆపరేటింగ్ సిస్టంలో తెలుగు అమరిక ఉండి తీరాలి. ఆ పరిమితిలోనే, విడదీత గుర్తు తెచ్చే మీటల జంటను బొటనవేలి కిందున్న ఒకే మీటకు కట్టేయడం వాళ్లకు పది నిమిషాల పని.

ఇక మీటల తొడుగులు. పాత చెర్రీ తొడుగుల్లో అక్షరం ఒక ప్లాస్టిక్‌తో, చుట్టూ ఉన్నది ఇంకో ప్లాస్టిక్‌తో పోతపోసేవారు. ఎన్నటికీ చెరగదు, కానీ ప్రతి అక్షరానికీ వేరే అచ్చు కావాలి, ఖర్చెక్కువ. మోడల్ ఎం దారి మనకు నయం. అందులో రంగును వేడిచేసి ఆవిరిగా ప్లాస్టిక్ లోపలికి ఇంకిస్తారు. దానికి ఏబీఎస్ ప్లాస్టిక్ పనికిరాదు, ఆ వేడికి వంకరపోతుంది. పీబీటీ తట్టుకొంటుంది. ముద్రించేది ఒక బొమ్మ మాత్రమే కాబట్టి ఠలో చుక్క ఉన్నా, ఝకు వంకరలెన్ని ఉన్నా ఖర్చు మారదు. రంగు ప్లాస్టిక్ కంటే ముదురుగా ఉండాలన్నదొక్కటే షరతు.

ఎవరైనా అలాంటి తొడుగుల సెట్టు వేయించే ఆలోచనలో ఉంటే నా కోరికలు కొన్ని. ఇంగ్లీషు అక్షరం ఎడమ పైమూలన చిన్నగా ఉండనివ్వండి, తెలుగు పెద్దదిగా వేయండి. డి మీట మీద పొల్లును ఒంటరిగా వేస్తే ఎవరికీ అర్థం కాదు, చుక్కల వలయం మీద పెట్టి చూపించండి. జె మీద ర పైన ఱ, ఎక్స్ మీద సున్న పైన అరసున్న తప్పనిసరి. ౘ, ౙలను మీట ముందు వైపు, అంచు మీద అచ్చువేయొచ్చు. అవి కుడి ఆల్ట్‌తో వస్తాయని దానిమీద కూర్చున్నవారికి తెలుస్తుంది. విడదీత గుర్తుకు మాత్రం బొమ్మ లేదు. దానికి ఏ ఆకారం వేయాలన్నది మీరే తేల్చాలి; నన్నడిగితే రెండు అక్షరాల మధ్య ఒక సన్నని నిలువు గీత చాలు.